అందరి ఖాళీ ఒకరి పేరున

దేవుడు అందరి మొరా వింటాడని పెద్దలు చెప్పగా విన్నదే. మరి అందరూ ఒక్కసారే మొర పెట్టుకుంటే ముందు ఎవరిది వింటాడు? ఈ అనుమానం సర్వరాయనకి ఎన్నో ఏళ్లుగా ఉంది. పొద్దున్నే స్నానం చేసి దణ్ణం పెట్టుకునేటప్పుడు నాలుక చివరిదాకా వచ్చేది. దేవుణ్ణి అడగదగ్గ ప్రశ్న కాదేమోనని మళ్లీ మింగేసేవాడు. ఒకసారి ఉండబట్టలేక భార్యని అడిగాడు.

"ముందు లేచినవాళ్లది ముందు వింటాడు. మీరు లేచేసరికి పాపం ఆయన అలిసిపోయి ఉంటాడు" అంది ఆవిడ.

ఆ అనుమానం సర్వరాయనకి ఉద్యోగంలోంచే పుట్టింది. ఆయన పనిచేసేది ఒక పెద్ద ఆసుపత్రిలో. అక్కడ డాక్టర్లు రోగిని చూసి, నాలుగు ముక్కలు రికార్డరులో మాట్లాడి వెళ్లిపోతారు. ఆ మాటల్ని చెవిలో పెట్టుకుని, కాలి కింద పెడలు నొక్కి ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ రిపోర్టులు కొట్టడానికి ఒక టైపింగు గది ఉంది. అందులో బల్లల మీద కంప్యూటర్లు ఉన్నట్టే ఉంటాయి గానీ ఉండవు. తెర ఉంటుంది, కీబోర్డు ఉంటుంది, అరచేయంత డబ్బా ఒకటి ఉంటుంది. అసలు కంప్యూటర్లు నడవా చివర చల్లగదిలో రెండే రెండు. ఆ రెండే అందరికీ తలా ఒకటి ఉన్నట్టు భ్రమ కల్పిస్తాయి. దాన్ని వర్చువల్ డెస్క్‌టాప్ అంటారు. ఆ చల్లగదిలో కూర్చుని సర్వర్లు చూసుకునేవాడు గనక గదివాళ్లు ఆయనకి సర్వరాయన అని పేరు పెట్టారు. ఇంట్లో పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

పొద్దున అందరూ ఒకే వేళకి వచ్చి కూర్చుంటారు. ఒకే కుళాయి కింద ఊరంతా బిందెలు పెట్టినట్టు ఉంటుంది. ఎవరి బిందె ముందు నింపాలో చల్లగదిలో యంత్రానికి చెప్పాల్సినవాడు సర్వరాయన. ఒకరికి ధార పెంచితే ఇంకొకరికి సన్నగిల్లుతుంది. మనిషినైన నాకే ఇంత కష్టంగా ఉంటే పైవాడికి ఎలా ఉంటుందో అనుకునేవాడు.

ఆ గదికి అందరి కంటే ముందొచ్చేది వదిన. ఆయన భార్యకి సొంత అక్క. భర్తకి చూపు పోయిన దగ్గర్నుంచీ ఆ ఇల్లు ఆవిడ వేళ్ల మీదే నడుస్తోంది. ఊడ్చే ఆవిడ ఇంకా గదిలో ఉండగానే వచ్చి, చెప్పులు విడిచి, పెడలు మీద కాలు ఆనించుకుని మొదలుపెట్టేది. వేళ్లు ఎంత చురుకో నోరూ అంతే.

కొత్త మేనేజరు వచ్చేదాకా గది బాగానే నడిచింది. వచ్చీ రాగానే ఆయనకి అందరూ సోమరుల్లా కనిపించారు. ఎవరు ఎంతసేపు చేతులు ముడుచుకుని కూర్చుంటున్నారో కనిపెట్టే ప్రోగ్రాము ఒకటి కొన్నాడు. దానికి ఏదో పెద్ద పేరే ఉంది గానీ గదిలో అందరూ దాన్ని కాపలా అనేవారు. అది తెరల్ని ఫొటోలు తీస్తుంది, వేళ్ల కదలికల్ని లెక్కపెడుతుంది. మేనేజరు గదిలో ప్రతి పేరు పక్కనా ఒక గీత కనిపిస్తుంది. పనిచేస్తుంటే ఆకుపచ్చ, ఖాళీగా ఉంటే ఎరుపు.

"రేపటికల్లా అందరి తెరల్లోనూ ఉండాలి" అన్నాడు మేనేజరు.

అందరి తెరల్లోనూ పెట్టాలంటే ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లక్కర్లేదు. చల్లగదిలో ఒక తల్లి కాపీ ఉంటుంది. రాత్రి అందరి డెస్క్‌టాపులూ చెరిగిపోతాయి. తెల్లవారి ఎవరు వచ్చి కూర్చున్నా ఆ తల్లి కాపీలోంచి వాళ్లకొక కొత్త డెస్క్‌టాప్ పుడుతుంది. తల్లికి ఏది ఎక్కిస్తే పిల్లలన్నిటికీ అదే. సర్వరాయన కాపలాని తల్లికి ఎక్కించాడు. ఎక్కిందో లేదోనని తల్లిలోనే ఒకసారి నడిపి చూసుకున్నాడు. నడిచింది. హమ్మయ్య అనుకుని అలాగే మూసేశాడు. పొయ్యి మీంచి దించేముందు ఉప్పు చూసుకోవడం లాంటి మామూలు జాగ్రత్తే అది. ఆ జాగ్రత్తే కొంప ముంచుతుందని ఆయనకి అప్పటికి తెలీదు.

ఆ వారంలోనే గది నత్తనడక పట్టింది.

"సర్వరాయనా, నిన్న నేను కొట్టిన అక్షరాలు ఇవాళ వస్తున్నాయి" అని గది చివర్నుంచి బొంగురు గొంతాయన కేకేశాడు. "ఇవాళ్టివి రేపొచ్చి పట్టుకెళ్లమంటారా?"

"మీ రిపోర్టు వచ్చేలోపు రోగి లేచి ఇంటికెళ్లిపోతాడు లెండి, మంచిదేగా" అంది పక్కసీటామె.

"మరిదిగారూ, ఇలా రండి" అని వదిన పిలిచింది. "నేను 'కుడికాలు' అని కొట్టాను. ఏమీ రాలేదు. మళ్లీ కొట్టాను. ఇప్పుడు ఈ మనిషికి రెండు కుడికాళ్లొచ్చాయి. ఒకటి తీసేయమంటారా, పాపం ఉండనిమ్మంటారా?"

గదంతా నవ్వింది. సర్వరాయన కూడా పైకి నవ్వాడు.

మేనేజరు పిలిచాడు. ఆసుపత్రి ధర్మకర్తలు చూడటానికి వస్తున్నారనీ, అప్పటికి డెస్క్‌టాపులు పరుగెత్తాలనీ చెప్పాడు. వెళ్లబోతుంటే ఆపి, తన తెర ఇటు తిప్పాడు. అన్ని పేర్ల పక్కనా గీతలు ఆకుపచ్చగా ఉన్నాయి. వదిన పేరు పక్కన మాత్రం మిరపకాయలు ఆరబోసినట్టు ఎరుపు.

"మీ చుట్టమట కదా. కాస్త చెప్పుకోండి. ఖర్చు తగ్గించాలని పైనుంచి ఒత్తిడి ఉంది. తీసెయ్యాల్సిన పేర్లు రాసి పంపమన్నారు. ఈ గదిలో నాకు కనిపిస్తున్న పేరు ఇదొక్కటే."

యంత్రం అబద్ధమాడదని సర్వరాయనకి గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆ సాయంత్రం వదిన ఇంటికెళ్లి, మంచినీళ్లు తాగి, కాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివరికి అన్నాడు.

"వదినా, ఏమీ అనుకోకండి. పనిలో కాస్త వేగం పెంచితే బాగుంటుందేమో."

ఆవిడ ఆయన్ని తేరిపార చూసింది. "పెళ్లయిన కొత్తలో మీకు చొక్కా గుండీ పెట్టుకోవడం వచ్చేది కాదు మరిదిగారూ. నా వేళ్లకి పరుగు నేర్పడానికొచ్చారా?"

లోపలి గదిలోంచి ఆవిడ భర్త గట్టిగా నవ్వాడు. సర్వరాయన తల వంచుకుని బయటపడ్డాడు.

ఇక వేగం సంగతి పట్టుకున్నాడు. తెరల వెనక బొమ్మలు తీసేశాడు. వైరస్ వెతికే పని అందరికీ ఒకేసారి పడకుండా విడగొట్టాడు. జనం రాకముందే కొన్ని డెస్క్‌టాపులు పుట్టి సిద్ధంగా ఉండేలా చూశాడు. గోరంత మేలు కనిపించింది, కొండంత బరువు అలాగే ఉంది. ఏ ప్రోగ్రాము ఎంత తింటోందో ఒక్కొక్కటే కూర్చుని చూస్తూ పోతే చివరికి దొరికింది. కాపలా. పని సరిగ్గా జరుగుతోందో లేదో చూడటానికి పెట్టినదే పనిని నమిలేస్తోంది. కంచే చేను మేసింది.

ఎందుకు మేస్తోందో కూడా వెతికి పట్టుకున్నాడు. కాపలా మొట్టమొదటిసారి నడిచినప్పుడు తనకొక గుర్తు నెంబరు పెట్టుకుంటుంది. ఆయన దాన్ని తల్లి కాపీలోనే నడిపి చూశాడు కదా, ఆ నెంబరు తల్లిలోనే అతుక్కుపోయింది. ఇక పుట్టిన పిల్లలందరికీ ఒకే పుట్టుమచ్చ. పొద్దున ప్రతి డెస్క్‌టాపూ లేచి ఆ నెంబరు నాదంటే నాదని కాపలా సర్వరు దగ్గర పోట్లాడుతోంది, ఓడిన ప్రతిదీ డిస్కంతా మళ్లీ మొదట్నుంచి తడుముకుంటోంది. ఒకే నెంబరు గనక సర్వరు అవన్నీ ఒకే బల్ల అనుకుంటోంది. వేళ్ల కదలికని కొట్టినవాళ్ల పేరునే రాస్తోంది గానీ, ఖాళీని మాత్రం ఆ బల్ల పేరున రాస్తోంది. ఆ బల్ల ఎవరిది? పొద్దున అందరికంటే ముందు ఎవరు వచ్చి కూర్చుంటే వాళ్లది.

నిజమో కాదో తేల్చుకోవాలని మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక ఖాళీ బల్ల దగ్గర కూర్చుని డెస్క్‌టాప్ తెరిచాడు. కీబోర్డు ముట్టుకోకుండా చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఎదురు వరసలో వదిన ఎవరిదో వెన్నెముక రిపోర్టు కొడుతోంది. పెడలు మీద కాలు ఆడుతోంది, వేళ్లు ఆగడం లేదు. ఇటు చేతి ఫోనులో కాపలా పేజీ తెరిచి చూశాడు. వదిన పేరు పక్కన గీత ఎర్రబడింది.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ తలా పిడికెడూ తెచ్చి ఒక్క మనిషి ఒళ్లో పోశారు. బొంగురు గొంతాయన టీకి వెళ్లిన ఖాళీ, పక్కసీటామె ఫోను మాట్లాడిన ఖాళీ, ఎవరూ లేని బల్లల ఖాళీ, అన్నీ కలిపి వేళ తప్పకుండా వచ్చినావిడ పేరున రాశారు. రాసింది యంత్రం, రాయించింది తను. ముందొచ్చిన మనిషిని ఇలాగేనా స్వామీ చూసేది అని మనసులో అనుకుని, ఆయన్ని అడగడమెందుకు, ఈ పని చేసింది ఆయనా ఏమిటని సిగ్గుపడ్డాడు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. మేనేజరు టీ తాగుతూ సాంతం విన్నాడు.

"బాగుచెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"ఈ సాయంత్రానికి అయిపోతుందండి. ఆ నెంబరు చెరిపేసి మూస్తే చాలు."

"మంచిది. చేసెయ్యండి. గదిలో ఎవరికీ ఈ గొడవ చెప్పకండి."

"మరి మా వదిన పేరు?"

"పైకి వెళ్లిపోయింది."

"వెనక్కి తెప్పించొచ్చు కదండీ. ఆవిడ తప్పేమీ లేదు."

మేనేజరు కప్పు బల్ల మీద పెట్టాడు. "నేను కొన్న సరుకు అందరి ఖాళీనీ ఒకరి మీద రాసిందని చెప్పమంటారా? అప్పుడు దాన్ని ఎక్కించింది ఎవరని అడుగుతారు. నేను మీ పేరు చెప్పాలి. చెప్పమంటారా? మీ ఇంట్లో జీతం తెచ్చేది మీరొక్కరేగా?"

సర్వరాయన తలుపు వైపు నడిచాడు.

"ఆవిడకి ఎలాగూ వయసు మీద పడుతోంది" అన్నాడు మేనేజరు, ఓదారుస్తున్నట్టు.

ఆ సాయంత్రం తల్లి కాపీలోంచి ఆ నెంబరు చెరిపి, పిల్లల్లోనే మేలుకునేలా కాపలాని తల్లిలో నిద్రపుచ్చి, మళ్లీ మూశాడు. తెల్లారేసరికి గది లేడిపిల్లయింది. కొట్టీ కొట్టకముందే అక్షరాలు. ఎవరి ఎరుపు వాళ్ల పేరుకి చేరింది. బొంగురు గొంతాయన మేనేజరు గదిలోంచి మొహం వేలాడేసుకుని వచ్చి, "ఇన్నాళ్లూ పచ్చగా ఉన్నవాణ్ణి, ఒక్క రాత్రిలో ఎలా పండిపోయానో!" అన్నాడు. వదిన గీత గదిలో అందరికంటే పచ్చగా ఉంది. ఆ పచ్చదనం పైకి వెళ్లిన కాగితాన్ని అందుకోలేకపోయింది. ఆ వారం చివర ఆవిణ్ణి పిలిచి, ఇక రావద్దన్నారు.

వదిన ఏడవలేదు. తన సొంత చెవి గొట్టాలు చుట్టి సంచిలో వేసుకుంది, పెడలుని కాలితో బల్ల కిందికి నెట్టింది. వెళ్తూ వెళ్తూ చల్లగది తలుపు దగ్గర ఆగింది.

"మీ గది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది కదా మరిదిగారూ" అంది. అంతే అంది.

ఆవిడకి అప్పటికేమీ తెలీదు, మామూలుగానే అంది. అయినా ఆ మాట సర్వరాయన వీపు మీద వాతలా ఉండిపోయింది.

ధర్మకర్తలు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. మేనేజరు వాళ్లకి గది తిప్పి చూపిస్తూ, "ఒక మొద్దు చెయ్యిని తీసేశాం, మిగతా అందరిలో చురుకు పుట్టింది" అన్నాడు. ఆ పక్కనే నిలబడ్డ సర్వరాయన భుజం కూడా తట్టాడు. సర్వరాయన నేల చూపులు చూశాడు. ఇంటికొచ్చి దణ్ణం పెట్టుకోబోయి, చేతులు దించేసుకున్నాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంటే భార్య కంచం పక్కకి జరిపింది.

"మా అక్క సంగతి మీకేదో తెలుసు. చెప్పి తినండి, లేకపోతే తినకండి."

చెప్పాడు. ఆవిడ సాంతం విని, కంచం తీసుకెళ్లి వంటింట్లో పెట్టేసింది. ఆ పూట ఇద్దరూ తినలేదు.

రెండో వారంలో ఒక సాయంత్రం వదిన వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చుంది.

"చెల్లి చెప్పింది" అంది.

"తిట్టండి వదినా."

"తిట్టడానికి ఓపిక ఉండొద్దూ? బస్సులో నిలబడి వచ్చాను." కొంగుతో మెడ తుడుచుకుంది. "వేగం పెంచమని మా ఇంటికొచ్చి చెప్పారు చూడండి, అది తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ మండుతోంది. మిగతాది యంత్రం చేసింది. అదొక్కటీ మీరు చేశారు."

ఆయన భార్య వైపు చూశాడు. భార్య గుమ్మంలో నిలబడి ఉంది, ఆవిడా సాయం రాలేదు.

"ఎముకల డాక్టరు క్లినిక్కులో టైపిస్టు కావాలట" అంది వదిన. "పని చేసి చూపించాను, నచ్చింది. పాతచోట ఎందుకు తీసేశారని అడిగారు. యంత్రం తప్పు లెక్క రాసిందన్నాను. 'పని పోయినవాళ్లందరూ అదే అంటారమ్మా, అక్కడ పనిచేసేవాళ్లు చెప్తే వింటాం' అన్నారు. మీ పేరు ఇచ్చాను. టైపింగు గది ఫోనుకి చేస్తారు."

"నా సెల్లు నెంబరు ఇవ్వాల్సింది."

"మీ చల్లగదిలో సెల్లు పలకదు. పైగా ఆఫీసు ఫోనులో చెప్తేనే నమ్ముతారట."

"అక్కడ అందరూ వింటారు వదినా. మేనేజరు వింటాడు."

"వింటాడు" అంది వదిన. ఆవిడ గొంతు పెరగలేదు. "మీరు ఆ ఆసుపత్రికి వచ్చిన కొత్తలో అప్పటి పెద్దాయన నన్ను పిలిచి, మీ చెల్లెలి మొగుడికి పని వచ్చా అని అడిగాడు. వచ్చండీ అన్నాను. ఏ తీగ ఎందులో గుచ్చాలో కూడా మీకు అప్పటికి తెలీదు. అది నాకు తెలుసు. మా చెల్లి మొహం చూసి అన్నాను. ఆ అబద్ధం మీద ఈ ఇంట్లో ఇన్నేళ్లు అన్నం ఉడికింది. నేనెప్పుడూ దాని ఊసెత్తలేదు. ఇప్పుడు నాకొక మాట బాకీ ఉన్నారు. అబద్ధం అక్కర్లేదు, నిజమే చెప్పండి. నిజం చవగ్గానే రావాలి కదా?"

లేచి వెళ్లిపోయింది. పెట్టిన టీ అలాగే ఉంది.

ఫోను మర్నాడే వస్తుందనుకున్నాడు. రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. మరిచిపోయారేమో, ఇంకెవరినో తీసుకున్నారేమో అని మనసు ఆశపడటం గమనించి ఆయనకే అసహ్యం వేసింది. నేను వదిన కోసం దేవుణ్ణి వేడుకుంటున్నానా, ఫోను రాకూడదని వేడుకుంటున్నానా? పెదవులు ఒకటి అంటుంటే లోపల ఇంకొకటి అంటోంది. ఆయన ఏది వింటున్నాడో ఏమో.

చివరికి ఒక మధ్యాహ్నం మోగింది. సర్వరాయన టైపింగు గదిలోనే ఉన్నాడు, పక్కసీటామె కీబోర్డు మారుస్తూ. మేనేజరూ అక్కడే ఉన్నాడు, కిటికీ దగ్గర ఎవరి తప్పో వెతుకుతూ. బొంగురు గొంతాయన ఫోనెత్తి, "సర్వరాయనా, మీకే. ఏదో క్లినిక్కట" అని కేకేశాడు.

కీబోర్డు పక్కన పెట్టి వెళ్లాడు. రిసీవరు చెవికి ఆనించుకున్నాడు.

అవతలామె వదిన పేరు చెప్పి, "ఆవిడ మీ దగ్గర పనిచేసేవారట. పని సరిగ్గా చేసేవారు కాదనీ, ఖాళీగా కూర్చునేవారనీ తీసేశారని విన్నాం. నిజమేనా?" అంది.

"కాదండీ."

గదిలో టకటకలు సన్నగిల్లాయి. మేనేజరు తల తిప్పాడు.

"మరెందుకు తీసేశారు?"

మేనేజరు చెయ్యి పైకెత్తి, వద్దన్నట్టు మెల్లగా ఆడించాడు. సర్వరాయన గోడ వైపు తిరిగాడు.

"ఖాళీ లెక్కేసే ప్రోగ్రాము ఒకటుందండీ. దాన్ని ఎక్కించింది నేనే. తప్పుగా ఎక్కించాను. గదిలో అందరి ఖాళీ ఆవిడ పేరున పడింది. ఆవిడ అందరి కంటే ముందు వచ్చేది కాబట్టి ఆవిడ పేరునే పడింది. తెలిశాక మా మేనేజరుకి చెప్పాను. అప్పటికే కాగితం పైకి వెళ్లిందన్నారు. నేను ఊరుకున్నాను."

"మీరు ఆవిడకి ఏమవుతారు?"

"మరిదినండి."

"బంధువన్నమాట." అవతలామె గొంతు కాస్త చల్లబడింది. "బంధువులు చెప్పేది మేం..."

"బంధువునే" అన్నాడు సర్వరాయన. "బంధువునై ఉండీ ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను, నా ఇల్లు చూసుకుని. ఇప్పుడు ఇక్కడ అందరూ వింటున్నారు. మేనేజరుగారూ వింటున్నారు. ఇలా చెప్తే నాకేం లాభమో మీరే చూడండి."

అవతలామె "సరేనండి, విన్నాను" అని పెట్టేసింది.

వెనక్కి తిరిగాడు. ఎవరూ ఆయన వంక చూడలేదు. బొంగురు గొంతాయన చెవి గొట్టాలు పెట్టుకుని ఆడని పెడలు తొక్కుతున్నాడు. ఇన్నాళ్లూ తమ ఖాళీని ఎవరు మోశారో ఇప్పుడు అందరికీ తెలిసింది. ఒక్కరూ పెదవి విప్పలేదు. తప్పు పట్టడానికి లేదు, ఒక్క మాటకి ఎంత ధరో వాళ్ల కళ్ల ముందే కనిపిస్తోంది కదా.

"చల్లగది తాళంచెవి ఇవ్వండి" అన్నాడు మేనేజరు. "కొత్త మనిషి వచ్చేదాకా నా దగ్గరుంటుంది."

ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆయన ఆఫీసు సామాను నింపిన సంచి కింద పెట్టడం చూసి, విషయం అర్థమై, ఒక చొక్కాని రెండుసార్లు మడిచింది.

"అక్క ఫోను చేసింది" అంది. "క్లినిక్కువాళ్లు సోమవారం నుంచి రమ్మన్నారట. జీతం తక్కువేనట."

"నాతో మాట్లాడతానందా?"

"లేదు. ఒక మాట చెప్పమంది."

"ఏమని?"

"బాకీ చెల్లిందని."